కార్డులో లేని కూర

అర్మాండా మళ్ళీ కార్డే తెచ్చి పెట్టింది.

ప్లాస్టిక్ తొడిగిన మెనూ కార్డు. నాలుగు భాషలు, పదకొండు ఫోటోలు, ఒక మూల ఎవరి పిల్లాడో కొరికిన గాటు. ఆ గాటు కూడా సోయిలాకి కంఠతా వచ్చు. రెండేళ్ళుగా గురువారం గురువారం అదే కార్డు, మరుగుదొడ్డి తలుపు పక్కన అదే మూల బల్ల. ఎక్వడార్ నుంచి ఇటలీలోని జెనోవాకి వచ్చి ఆమెకి పదిహేడేళ్ళయింది. ఈ ఊరి సందుల్లో ఏ మెట్టు అరిగిందో, వానొస్తే ఏది జారుతుందో చీకట్లో కూడా చెప్పగలదు. అయినా సరే, ఈ హోటల్లో అడుగుపెట్టగానే ఇప్పుడే ఓడ దిగిన మనిషి అయిపోతుంది. చెప్పండి, ఒళ్ళు మండదా?

ఊళ్ళోవాళ్ళకి కార్డుండదు. వాళ్ళకి అర్మాండా నోటితో చెబుతుంది. ఇప్పుడూ చెబుతోంది. రేవు కచేరీ గుమాస్తాలు ముగ్గురు కూర్చున్న బల్ల దగ్గర నిలబడి, కుర్చీ వీపు మీద ఒక చెయ్యి వేసి, కళ్ళు పైకప్పుకి తగిలించి, ఊపిరి తీసుకోకుండా చెబుతోంది.

"మినెస్ట్రోనె ఉంది, పాన్సోటి అక్రోటు ముద్దతో ఉన్నాయి, కూరిన నెత్తళ్ళున్నాయి, బోటి ఉంది, కుందేలు ఆలివ్‌లతో ఉంది, గురువారం కాబట్టి ఎండుచేప ఉంది."

"బోటి నిన్నటిదేనా?" అన్నాడు గుమాస్తాల్లో బట్టతలాయన.

"నీ మొహానికి నిన్నటిదే ఎక్కువ."

"పోయినవారం ఎండుచేపలో బంగాళాదుంప ఉడకలేదు."

"ఉడకనిది నీ బుర్ర. తెస్తున్నా మూడు." అని అర్మాండా వంటింటి కిటికీ దగ్గరకెళ్ళి లోపలికి కేకేసింది. లోపల ఆమె మొగుడు ఎత్తోరె వండుతాడు. హాల్లోకి రాడు. అతని చేతులు మాత్రం కిటికీలోంచి ప్లేట్లు బయటికి తోస్తుంటాయి.

ఎండుచేప వాసన హాలంతా ఉంది. రాయిలాంటి చేపని రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, ముళ్ళు తీసి, టొమాటో, బంగాళాదుంప, చిన్న నల్ల ఆలివ్‌లు వేసి మగ్గబెడితే వచ్చే వాసన. సోయిలా కార్డు తెరవలేదు. అర్మాండా దగ్గరకి రాగానే అడిగింది.

"నాకు ఎండుచేప కావాలి."

"అయిపోయింది."

"ఇప్పుడేగా ముగ్గురికి చెప్పారు."

"అవే ఆఖరివి. లసాన్యా తిను, నీకు నచ్చుతుంది." అర్మాండా కార్డులో మూడో ఫోటో మీద వేలు పెట్టి చూపించింది. ఈ ఊళ్ళో ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్ళని ఎవరూ 'నువ్వు' అనరు. సోయిలా లాంటి మొహాలనైతే అందరూ అంటారు.

లసాన్యా వచ్చింది. అంచులు పొగలు కక్కుతున్నాయి, నడిమధ్య మంచుగడ్డ. సగం తినేలోపు డచ్ ప్రొఫెసరు వచ్చాడు. ఫిబ్రవరిలో ఈ సందులో ఇల్లు తీసుకున్నాడు, ఇంకా మే నెల దాటలేదు. అర్మాండా అతని ఎదుట నిలబడి, ఒక్కో వంట పేరు చెబుతూ ఒక్కో వేలు మడిచింది, బడిలో పిల్లాడికి చెప్పినంత ఓపిగ్గా. ఆరో వేలు మడిచిన అయిదు నిమిషాలకి కిటికీలోంచి ఎండుచేప ప్లేటు బయటికొచ్చింది. సోయిలా పక్కనుంచే వెళ్ళింది.

తర్వాత అర్మాండా వచ్చి ప్లేటు తీస్తూ "బాగుందా?" అంది, జవాబు కోసం ఆగకుండానే.

"బాగుంది," అంది సోయిలా.

ఆ మాట నోట్లోంచి వచ్చేశాక తనని తనే చెంపమీద కొట్టుకోవాలనిపించింది.

*

ఆమెకి గురువారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఏడింటిదాకా సెలవు. ఊళ్ళో ముసలివాళ్ళని చూసుకునే ఆడవాళ్ళందరికీ అదే సెలవు. అందుకే గురువారం మధ్యాహ్నం రైలు స్టేషను ఎదుటి తోటలో బెంచీలన్నీ వాళ్ళవే. ఇళ్ళనుంచి తెచ్చుకున్న డబ్బాలు తెరిచి, అన్నం, వేయించిన అరటికాయ పంచుకుంటారు.

"మహారాణిగారి భోజనమైందా?" అంది యదీరా. సోయిలా ఊరిదే, గ్వయాకిల్ పిల్ల. "ఏం పెట్టారక్కా ఇవాళ?"

"ఫోటో పెట్టారు."

యదీరా నవ్వింది. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. సోయిలా నవ్వలేదు. జరిగింది చెప్పింది, డచ్చాయన సంగతీ చెప్పింది.

"నీకెందుకు అర్థం కాదక్కా? మనం వలసొచ్చాం. ఆయన వేంచేశాడు." యదీరా అరటికాయ ముక్క అందించింది. "అయినా ఆ డెల్ఫీనా ముసలామె ఇంట్లో ఎండుచేప నువ్వే వండుతావు కదా. ఒక డబ్బాలో పట్టుకొస్తే మేమూ తింటాం, నీకూ పరువు దక్కుతుంది. ఎందుకు అక్కడికెళ్ళి మరీ అవమానం తినడం?"

సోయిలా అరటికాయ తీసుకుంది గానీ నోట్లో పెట్టుకోలేదు.

"వచ్చే వారం ఇక్కడికే వచ్చెయ్," అంది యదీరా, ఈసారి వేళాకోళం లేకుండా. "ఇక్కడ నీకు కార్డెవరూ ఇవ్వరు."

నిజమే. ఇక్కడ హాయిగా ఉంటుంది. అదే సోయిలాకి భయం. ఇక్కడికే అలవాటు పడితే ఈ ఊరు ఆమెకి ఒక వంటగది, ఒక బెంచీ, అంతే మిగులుతుంది.

*

డెల్ఫీనా ఇల్లు నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. ఎనభై ఎనిమిదేళ్ళ డెల్ఫీనా మూడేళ్ళుగా మెట్లు దిగలేదు. సందులో ఎవరింట్లో ఏం జరిగిందో మాత్రం ఆవిడకే ముందు తెలుస్తుంది.

"ఈ పులుసులో ఉప్పు వేశావా, చూపించి తీసేశావా?" అంది చెంచా కింద పెట్టి.

"వేశాను సిన్యోరా."

"బీన్సు నమలడానికి నాకు పళ్ళేవే? ఇవాళ గిన్నెలన్నీ ఎత్తెత్తి పడేస్తున్నావు, ఏంటి సంగతి?"

సోయిలా చెప్పదలుచుకోలేదు. గిన్నె తోముతూ, వీపు అటే ఉంచి, మొత్తం చెప్పేసింది.

డెల్ఫీనా పులుసు గిన్నె పక్కకి నెట్టింది. తర్వాత, "అర్మాండా తల్లి చేపలబుట్ట మోసేది, దీనికి అప్పుడే ఎంత గీర," అంది. "అయినా నీకేం కర్మే? ఎండుచేప ఇక్కడ వండుకోవూ? అర్మాండా మొగుడికంటే నువ్వే నయం. ఈ మాట నేనన్నానని ఎక్కడా అనకు."

సోయిలా కొళాయి కట్టేసింది. ఇటు తిరిగింది.

"ఇక్కడ నేను వండుతా, మీరు తింటారు. మీరు తిన్నాక మిగిలింది పొయ్యి దగ్గర నిలబడి నేను తింటా. పదిహేడేళ్ళుగా, అయిదు ఇళ్ళల్లో, ఇదే. అక్కడ ఎవరో వండాలి. ఎవరో తెచ్చి పెట్టాలి. నేను కూర్చుని తినాలి. ఈ ఊరి తిండి, ఈ ఊరి మనిషి వండింది. నాకు కావలసింది అదొక్కటే."

ఇంత మాట ఆమె ఎప్పుడూ అనలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంది.

"లసాన్యా ఎలా ఉంది?" అని అడిగింది డెల్ఫీనా.

"మధ్యలో చల్లగా ఉంది."

"అదడిగితే ఏమన్నావు?"

"బాగుందన్నాను."

"అదీ సంగతి." డెల్ఫీనా బల్లమీద అరచేత్తో కొట్టింది. "చల్లటి గడ్డి పెడితే బాగుందంటావు, మళ్ళీ వారం మళ్ళీ గడ్డి పెడుతుంది. పెట్టదూ? ఈ ఊళ్ళో బాగుందనేవాడు రేపు రైలెక్కేవాడు. ఉండేవాడు సణుగుతాడు. నేను నీ వంటని ఏనాడైనా బాగుందన్నానా?"

"లేదు సిన్యోరా. ఒక్కసారి కూడా."

"చూశావా మరి. రేపు వెళ్ళు."

"రేపు శుక్రవారం. నా సెలవు కాదు."

"శుక్రవారమూ ఎండుచేప ఉంటుంది. వెళ్ళు. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు ఆరేళ్ళ పిల్లని, సొరంగంలో రాత్రంతా ఒక్కదాన్నే కూర్చున్నా. రెండు గంటలు రేడియోతో కూర్చోలేనా? ఆ బీన్సు మాత్రం మళ్ళీ ఉడికించి వెళ్ళు."

*

శుక్రవారం సోయిలా ముసలావిడకి పదకొండున్నరకే తినిపించింది. రేడియో చేతికందేలా పెట్టింది. ఆకుపచ్చ జాకెట్టు తొడుక్కుని, మెట్లు దిగుతూ, తనలో తను అనుకుంది: ఇవాళ బాగుందనను. నాలుక కోసినా అనను.

రేవులో పెద్ద ఓడ ఆగి ఉంది, హాలు సగం పరాయివాళ్ళే. నాలుగు బల్లల మీద కార్డులు మెరుస్తున్నాయి. సోయిలా మూలకి వెళ్ళలేదు. నడిమధ్య ఉన్న ఇద్దరి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అది వేరేవాళ్ళకి ఉంచాను," అంది అర్మాండా.

"వాళ్ళొస్తే లేస్తాను."

ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు. అర్మాండా చంకలోంచి కార్డు తీసి బల్లమీద పెట్టింది. సోయిలా దాన్ని తీసి, అర్మాండా వైపు చాపి గాల్లో పట్టుకుంది. అర్మాండా తీసుకోలేదు.

"ఇది చదివేశాను. రెండేళ్ళుగా చదువుతున్నా. ఇవాళ ఏముందో నోటితో చెప్పు."

'నువ్వు' అని తనెప్పుడు మారిందో సోయిలాకే తెలియలేదు. అర్మాండాకి మాత్రం తెలిసింది, బుగ్గలు ఎర్రబడ్డాయి.

"నాకు పనుంది. చూడు, నీకో సంగతి చెప్తాను. మీలాంటివాళ్ళు ఎండుచేప అడుగుతారు, ప్లేటు రాగానే ముక్కు మూసుకుని వెనక్కి పంపుతారు. పారబోసుకునేది నేను. ఆ ప్లేటుకి ఎత్తోరె నాలుగు రోజులు చేప నానబెట్టాడు. ఆ బాధ నీకేం తెలుసు?"

అది అబద్ధం కాదు. సోయిలాకి తెలుసు, నానబెట్టడం అంటే ఏమిటో ఆమె చేతులకి తెలుసు. ఒక్క క్షణం ఆమెకి అర్మాండా మీద జాలి కలిగింది కూడా. కానీ పక్క బల్ల దగ్గర డచ్చాయన రొట్టె తుంచుతున్నాడు.

"మరి ఆయన?"

"ఆయన ప్రొఫెసరు."

"ఎండుచేపలోనా?"

గోడవార కూర్చున్న కసాయి కొట్టు ముసలాయన నోట్లోని వైను మింగలేక దగ్గాడు. డచ్చాయన తలెత్తి చూశాడు. సోయిలా చేతిలో కార్డు కనబడి, చెయ్యి చాపి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంటి? ఇక్కడ కార్డుందా? నేనెప్పుడూ చూడలేదే."

"మీకు చూపించరు," అంది సోయిలా.

ఆయన కార్డుని మెల్లగా సోయిలా బల్లమీద పెట్టాడు. చెవులు కందిపోయాయి. అర్మాండా అవతలి బల్లకి వెళ్ళిపోయింది.

అరగంట గడిచింది. సోయిలా బల్లమీదకి రొట్టె రాలేదు, నీళ్ళూ రాలేదు. ఆమె లేవలేదు. లేచి వెళ్ళిపోతే ఇక ఈ గడప తొక్కలేనని ఆమెకి తెలుసు. కడుపులో పేగులు అరుస్తుంటే, ఊరికే కూర్చోవడం కంటే కష్టమైన పని లేదు. పదిహేడేళ్ళుగా ఆమె ఎక్కడా ఇంతసేపు ఊరికే కూర్చోలేదు.

వెనక బల్లనుంచి ఎవరో భుజం తట్టారు. ఓడ దిగినవాళ్ళే, నలుగురు, చిలీ దేశంవాళ్ళు. ముత్యాల చెవిపోగుల పెద్దావిడ స్పానిష్‌లో అడిగింది.

"అమ్మా, మీరు మన భాషవాళ్ళలా ఉన్నారు. ఈ ఫోటోల్లో ఏది తినొచ్చు?"

సోయిలా వెనక్కి తిరిగింది. ఏం చెయ్యబోతోందో తనకే అప్పుడు తట్టింది.

"ఫోటోల్లో ఉన్నదేదీ తినకండి," అంది. తర్వాత కుర్చీ వాళ్ళవైపు జరుపుకుని, మొత్తం చెప్పింది. మినెస్ట్రోనె ఉంది, కూరగాయల పులుసు, చెంచా గుచ్చితే నిలబడేంత చిక్కగా ఉంటుంది, గోరువెచ్చగానే తినాలి. పాన్సోటి ఉన్నాయి, లోపల ఆకుకూర కూరిన పిండి బిళ్ళలు. కూరిన నెత్తళ్ళున్నాయి. బోటి, కుందేలు. ఎండుచేప ఉంది. "ముందే చెప్తున్నా, వాసన వస్తుంది. నాలుగు రోజులు నానబెట్టిన చేప. వాసన పడదనుకుంటే అడక్కండి. అడిగితే మాత్రం వదిలిపెట్టకండి. రసం మిగిలితే రొట్టెతో తుడిచి తినండి, ఇక్కడ అదే మర్యాద."

"మా ఆయన చేపల ఊరివాడే," అంది పెద్దావిడ. "నాలుగూ అదే."

అర్మాండా వచ్చేసరికి నలుగురూ కార్డులు మూసి, ఒకే మాట అన్నారు: ఎండుచేప. ఆ మాట వాళ్ళకి సోయిలా నేర్పింది. అర్మాండా సోయిలా వైపు చూసింది. అయిపోయింది అందామనుకుంది, నోరు తెరిచింది కూడా. కిటికీ అవతల పెద్ద గిన్నె పొయ్యిమీద ఉంది, హాల్లో అందరికీ కనిపిస్తోంది.

"ఎండుచేప నాలుగు," అని అరిచింది లోపలికి.

"ఎవరికి?" ఎత్తోరె గొంతు.

"ఓడవాళ్ళకి."

లోపల గరిటె చప్పుడు ఆగింది. కాసేపటికి నాలుగు ప్లేట్లు కిటికీలోకి వచ్చాయి. వాటి వెనకే ఎత్తోరె మొహం కూడా వచ్చింది. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, ఆ నలుగురూ మొదటి ముద్ద తినేదాకా కదలకుండా చూశాడు. చిలీ పెద్దాయన కళ్ళు మూసుకుని నమిలాడు. తర్వాత రొట్టె అందుకున్నాడు.

అవతలి బల్లమీద పోలెండు జంట ఆ ప్లేట్లు చూసి, వేలు పెట్టి చూపించారు. సోయిలా లేచి వాళ్ళ దగ్గరకెళ్ళింది. వాళ్ళతో భాష కుదరలేదు. ముక్కు పట్టుకుని చూపించింది, తల ఊపింది, తర్వాత వేళ్ళు పెదాలకి ఆనించి ముద్దు పెట్టింది. వాళ్ళు నవ్వి, రెండు వేళ్ళు చూపించారు.

అర్మాండా ఆమె మోచేయి పట్టుకుంది.

"నా హాల్లో ఇదంతా చెయ్యమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్పడం లేదు కదా, నేను చెబుతున్నా."

"ఆరు ప్లేట్లు. వెనక్కొస్తే నువ్వు తింటావా?"

"తింటా. పొద్దుటినుంచి ఏం తినలేదు."

ప్లేట్లు వెనక్కొచ్చాయి. ఆరూ రొట్టెతో తుడిచి, కడిగినంత తెల్లగా వచ్చాయి. ఎత్తోరె వాటిని తొట్టిలో వెయ్యలేదు. కిటికీ గట్టుమీద ఒకదానిమీద ఒకటి పెట్టి, వాటి పక్కనే నిలబడ్డాడు.

అప్పుడే తలుపు తోసుకుని గుమాస్తాలు ముగ్గురూ వచ్చారు. ఓడ కాగితాలతో ఆలస్యమైందట. బట్టతలాయన కూర్చోకముందే, "ఎండుచేప మూడు," అన్నాడు.

అర్మాండా కిటికీ వైపు చూసింది. ఎత్తోరె గిన్నె వంచి అడుగు చూపించాడు.

"అయిపోయింది," అంది అర్మాండా. ఆమె గొంతులో అది మొదటిసారి నిజంలా వినబడింది.

"శుక్రవారం ఎండుచేప అయిపోవడమేంటి? ఎవరు తిన్నారు? మరి మేమేం తినాలి?"

సోయిలా తన బల్లమీది కార్డు తీసి బట్టతలాయనకి అందించింది.

"ఇందులో చూసుకోండి. ఫోటోలున్నాయి."

కసాయి ముసలాయన ఈసారి దాచుకోలేదు, కుర్చీ కదిలేలా నవ్వాడు. బట్టతలాయన కార్డు పట్టుకుని, కళ్ళజోడు పైకి తోసి, లసాన్యా ఫోటోని అపనమ్మకంగా చూస్తూ ఉండిపోయాడు.

సోయిలా తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. ఇక వెళ్ళగొడుతుంది, అనుకుంది. వెళ్ళగొడితే అరుస్తాను, ఊరంతా వినేలా అరుస్తాను.

కిటికీలోంచి ఎత్తోరె చెయ్యి ఒక ప్లేటు బయటికి తోసింది. "నాకని తీసిపెట్టుకున్నా," అన్నాడు. "ఆవిడకివ్వు."

అర్మాండా ఆ ప్లేటు తెచ్చి సోయిలా ముందు పెట్టింది. ఎండుచేప. ఆవిరి మొహానికి తగిలింది. సోయిలాకి నోరూరింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. రెండు చేతులతో ప్లేటు వెనక్కి జరిపింది.

"వండినవాడి కంచం నాకొద్దు. అలాంటి కంచంలో నేనూ తింటా రోజూ, దాని రుచి నాకు తెలుసు. ఆయన్ని తిననివ్వు. నాకు, హాల్లోవాళ్ళకి చెప్పినట్టు, ఏముందో చెప్పు."

అర్మాండా ప్లేటు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె కిటికీ దాకా వెళ్ళి ప్లేటు లోపల పెట్టి, తిరిగొచ్చింది. ఏప్రానుకి చేతులు తుడుచుకుంది. సోయిలా ఎదుటి కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. కళ్ళు పైకప్పు వైపు తిరిగాయి.

"మినెస్ట్రోనె ఉంది. పాన్సోటి రెండు ప్లేట్లకి సరిపోతాయి. నెత్తళ్ళు అయిపోయాయి. బోటి ఉంది. కుందేలు ఉంది, ఆలివ్‌లతో."

కోపంగానే చెప్పింది. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. సోయిలా చివరిదాకా విన్నది.

"బోటి నిన్నటిదా?"

"ఇవాళ్టిది."

"కుందేలు."

రొట్టె వచ్చింది, నీళ్ళొచ్చాయి, అడగకుండానే చిన్న కూజాలో వైను వచ్చింది. తర్వాత కుందేలు వచ్చింది, అంచుల్లోనూ మధ్యలోనూ వేడిగా. సోయిలా తొందరపడలేదు. ఎముక చేత్తో పట్టుకుని చీకింది. డచ్చాయన వెళుతూ తలవంచి నమస్కరించాడు. ఆమె నోరు నిండుగా ఉంది, తల మాత్రం ఊపింది. కూర బాగుంది. నిజంగా బాగుంది. ఆ మాట గొంతుదాకా వచ్చింది.

అర్మాండా ప్లేటు తియ్యడానికి వచ్చి, అడగలేదు. ఊరికే నిలబడింది.

"ఆలివ్‌లు ఏడే ఉన్నాయి," అంది సోయిలా. "మీ ఆయన చెయ్యి ఇంత బిగువా?"

అర్మాండా నడుంమీద చేతులు పెట్టుకుంది.

"ఏడు చాలవా? నీకు తోట కావాలా?"

"మాంసం ఇంకో పావుగంట ఉడకాలి. వైను ముందు పోసుంటే మెత్తబడేది. ఆఖర్న పోశారు, పులుపు తెలుస్తోంది."

"ముప్పయ్యేళ్ళుగా ఇలాగే వండుతున్నాం. ఈ సందులో ఎవ్వరూ పులుపనలేదు."

"నేను రోజూ అంటున్నా పులుపని," అన్నాడు కసాయి ముసలాయన.

"నువ్వు నోర్ముయ్." అర్మాండా మళ్ళీ సోయిలా వైపు తిరిగింది, గొంతు పెద్దది చేసి, ఆ గుమాస్తాలని తిట్టే గొంతుతోనే. "అంత తెలిస్తే రేపు పొద్దున్నే రా. ఏప్రాను కట్టుకుని నువ్వే వండు. చూస్తాం."

సోయిలా రొట్టెముక్కతో ప్లేటులోని రసమంతా తుడిచింది. నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది.

"రాను," అంది. "గురువారం వస్తా. తినడానికి వస్తా."